ఎదకు రాని గేదె, కట్టని ఆవు: హార్మోన్ సూదులు ఏ పశువుకు, ఎప్పుడు?

కృష్ణాతీరం (ఉయ్యూరు దగ్గర)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు, ఒక జెర్సీ సంకరజాతి ఆవు ఉన్నాయి. ఆవు మూడో ఈతది. మూడు వారాలకోసారి తప్పకుండా ఎదకొస్తుంది, తీగలు (మానం నుంచి జిగురు) వేస్తుంది, సెమెన్ వేయిస్తాం, మళ్లీ మూడు వారాలకి తిరగపొర్లుతుంది. ఇప్పటికి చాలాసార్లు ఇలాగే అయింది. గేదెల్లో ఒకటి ఈని ఐదు నెలలు దాటినా ఎద జాడే లేదు. పాలు తగ్గిపోతున్నాయి, ఇంకొన్నాళ్లకి వట్టిపోతుంది.

మా ఊరికి వచ్చే ఇన్సెమినేటర్ ఏమంటాడంటే: "ఇవాళ ఒక సూది, ఏడు రోజులకి ఇంకోటి, తొమ్మిదో రోజు మరోటి. పదో రోజు ఎద ఉన్నా లేకపోయినా సెమెన్ వేసేద్దాం. రెండింటికీ అదే కోర్సు." పక్కింటి బాబాయ్ మాత్రం హార్మోన్లు వేస్తే గర్భసంచి పాడైపోయి ఇంక ఎప్పటికీ చూడి కట్టదని భయపెడుతున్నాడు. వాడినవాళ్లు, చదువుకున్నవాళ్లు చెప్పండి.

గోదారి పాడి (రావులపాలెం)

బాబాయ్ గారు చెప్పిందే నా మాట కూడా అన్నా. మా వైపు పాలు పితికే ముందు సూది గుచ్చి చేపించేవాళ్లను చూశాను. ఆ గేదెలు రెండు ఈతలకే డస్సిపోయాయి. హార్మోన్ అంటే హార్మోనే. అది పాలలోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. ఆలస్యమైనా సహజంగా ఎదకు వచ్చేదాకా ఆగడం మేలు.

పశువైద్యుడు_నంద్యాల

గోదారి పాడి గారి బాధ న్యాయమైనదే. కానీ ఇక్కడ రెండు వేరు వేరు మందులు ఒకటిగా కలిసిపోయాయి. పాలు చేపడానికి దొంగతనంగా గుచ్చేది ఆక్సిటోసిన్. పాలు పెంచుకోవడం కోసం పశువు ఆరోగ్యాన్ని దెబ్బతీసే సూది వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం. దాన్ని నేను కూడా గట్టిగా వ్యతిరేకిస్తాను. కృష్ణాతీరం గారికి చెప్పిన కోర్సులో ఆక్సిటోసిన్ లేదు. అందులో ఉన్నవి జిఎన్‌ఆర్‌హెచ్, ప్రోస్టాగ్లాండిన్.

అవి ఏం చేస్తాయో తెలియాలంటే ముందు ఎద చక్రం తెలియాలి. ఆవుకైనా గేదెకైనా సగటున 21 రోజులు, 18 నుంచి 24 దాకా ఉండొచ్చు. ఎద అయిపోయాక అండం విడుదలవుతుంది. అండం విడిచిన చోట కార్పస్ లూటియం అనే చిన్న పసుపు ముద్ద (పీతపిండం) తయారవుతుంది. అది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ను వదులుతూ ఉంటుంది. ప్రొజెస్టిరాన్ ఉన్నంతకాలం పశువు మళ్లీ ఎదకు రాదు. చూడి కట్టకపోతే 16, 17 రోజుల ప్రాంతంలో గర్భసంచే ప్రోస్టాగ్లాండిన్ వదిలి ఆ పీతపిండాన్ని కరిగిస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, మూడు నాలుగు రోజుల్లో కొత్త ఎద వస్తుంది. చూడి కడితే ఆ పీతపిండం కరగదు, ఈనేదాకా అలాగే ఉంటుంది.

మనం ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ సూది గర్భసంచి చేసే ఈ పనినే మనం కోరుకున్న రోజున చేస్తుంది. క్లోప్రోస్టెనాల్ అయితే 500 మైక్రోగ్రాములు, డైనోప్రోస్ట్ అయితే 25 మిల్లీగ్రాములు, కండకి. జిఎన్‌ఆర్‌హెచ్ మెదడులో పుట్టే హార్మోన్. దానికి బదులుగా మన దగ్గర ఎక్కువగా దొరికేది బ్యుసెరిలిన్, మామూలు మోతాదు 10 మైక్రోగ్రాములు. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చేత ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ను విడుదల చేయించి, పక్వానికి వచ్చిన అండం బయటపడేలా చేస్తుంది.

పాల సంగతి: ప్రోస్టాగ్లాండిన్ రక్తంలో ఉండేది చాలా తక్కువసేపు. డైనోప్రోస్ట్ అయితే ఊపిరితిత్తుల్లోంచి ఒకసారి వెళ్లేసరికే ఎక్కువ భాగం నిర్వీర్యమైపోతుంది. జిఎన్‌ఆర్‌హెచ్ పది అమైనో ఆమ్లాల గొలుసు. నోటి ద్వారా పోతే మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. ఈ రెండింటికీ పాలు పారబోయాల్సిన అవసరం లేదు.

అసలు తప్పు "రెండింటికీ అదే కోర్సు" అనడంలో ఉంది. మీ ఆవు జబ్బు వేరు, మీ గేదె జబ్బు వేరు. చెయ్యి పెట్టి అండాశయాలు చూడకుండా ఏ సూదీ వేయించకండి.

పాలవెల్లి (పలమనేరు)

డాక్టరు గారు చెప్పిన చివరి మాట పెద్ద అక్షరాల్లో రాసి పాకలో అంటించుకోవాలి. మాకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు ఉన్నాయి. ఇంటి పని, పాక పని నేనే చూసుకుంటాను కాబట్టి ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో రాత్రిళ్లు కాపు కాయడం నా వల్ల కాదు. అందుకే కలిసి ఈనిన ఆవులకు డాక్టరు గారి చేత చూపించి ప్రోస్టాగ్లాండిన్ వేయిస్తాము. ఎదకొచ్చినవాటికి అప్పుడే సెమెన్, రానివాటికి 11 రోజులకి రెండో సూది. దాదాపు అన్నీ ఒకే వారంలో ఎదకొస్తాయి, చూడి పరీక్ష కూడా ఒకే రోజు చేయించుకోవచ్చు. మాకు ఈ పద్ధతి బాగా పనికొచ్చింది.

కానీ మా పక్క ఊళ్లో ఏమైందో చెప్తాను. ఒకామె ఆవు ఎదకు రావడం లేదని ఒకాయన వచ్చి చూడకుండానే సూది వేసి పోయాడు. నాలుగు రోజులకి ఆవు ఈసుకుపోయింది. అది అప్పటికే మూడు నెలల చూడి. ఎప్పుడో మేతకు పోయినప్పుడు దాటిందంట, వీళ్లకి తెలియలేదు. ఆమె ఏడుపు చూస్తే నాకు అన్నం సహించలేదు. ఎదకు రాని ఆవు అంటే ముందు చూడి ఆవేమో అని అనుమానించాలి గదా?

పశువైద్యుడు_నంద్యాల

అవునమ్మా, మొదటి అనుమానం అదే అయి ఉండాలి. చూడి ఆవులో కూడా కార్పస్ లూటియం ఉంటుంది, సూదికి అదీ కరుగుతుంది, కడుపులోని దూడ నిలవదు. ముఖ్యంగా మొదటి నెలల్లో గర్భస్రావం ఖాయమనే అనుకోండి.

దీనితో పాటు ఇంకొకటి. అండం విడుదలైన మొదటి అయిదారు రోజుల్లో పీతపిండం ఇంకా లేతగా ఉంటుంది, సూదికి కరగదు. 17వ రోజు దాటితే అదే కరుగుతోంది, సూది వల్ల లాభం లేదు. మధ్యలో ఉన్న పది పన్నెండు రోజుల్లో వేస్తేనే పని చేస్తుంది. అసలు పీతపిండమే లేని పశువుకు, అంటే అండాశయాలు నిద్రపోతున్న పశువుకు, ప్రోస్టాగ్లాండిన్ ఎన్నిసార్లు వేసినా నీళ్లు వేసినట్టే. "రెండు సూదులేశాం, మందు నకిలీది" అని చాలామంది అంటారు. చాలాసార్లు మందు మంచిదే, వేసిన పశువులో దానికి చేయడానికి పని లేదు.

మీరు ఆడవాళ్లు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను: ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసా, సిరంజి ముట్టుకోకూడదు. మిగతావాళ్లు కూడా చేతి తొడుగు వేసుకోవాలి, మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. వాడిన సిరంజి పిల్లలకు దొరికేలా పాకలో వదలొద్దు.

బర్రెల కొట్టం (జగిత్యాల)

సార్ నమస్తే. మా దిక్కు బర్రెలే ఎక్కువ. ఎండాకాలం వచ్చిందంటే ఒక్క బర్రె కూడా ఎదకు అస్తలేదు. చలికాలంల మంచిగ వస్తయి. మార్చి నుంచి జులై దాక గిట్లనే ఉంటది. మీరు చెప్పిన మూడు సూదుల కోర్సు బర్రెలకు ఎండలల్ల పని చేస్తదా? పోయినేడు మా అన్న ఏపిచ్చిండు, ఒక్కటి గూడ నిలవలే. పైసలు బొక్క.

అండాశయం_పీజీ (రాజేంద్రనగర్)

అన్నా, నేను పశువైద్య విశ్వవిద్యాలయంలో పునరుత్పత్తి శాస్త్రం పీజీ చదువుతున్నాను. బర్రెల మీదే నా పని, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

మూడు సూదుల కోర్సు పేరు ఓవ్‌సింక్. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పర్‌స్లీ, మీ, విల్ట్‌బ్యాంక్ ప్రచురించారు. అది వచ్చింది పాడి ఆవుల కోసం. మొదటి జిఎన్‌ఆర్‌హెచ్ అప్పుడున్న పెద్ద అండకోశం (అండాశయంలో అండం పెరిగే నీటి బుడగ) నుంచి అండాన్ని విడిపిస్తుంది, ఒకటిన్నర రెండు రోజుల్లో కొత్త అండకోశాల వరుస మొదలవుతుంది. ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ పీతపిండాన్ని కరిగిస్తుంది. ఆపైన 48 నుంచి 56 గంటలకు రెండో జిఎన్‌ఆర్‌హెచ్ కొత్త అండాన్ని విడిపిస్తుంది. ఈ సూది తరవాత సుమారు 24 నుంచి 32 గంటల్లో అండం బయటపడుతుంది. వీర్యకణాలు అప్పటికే అక్కడ ఎదురు చూస్తూ ఉండాలి కాబట్టి 16 గంటల దగ్గర సెమెన్ వేస్తాం. ఎద కనిపెట్టాల్సిన పని లేకపోవడమే దీని గొప్ప.

ఇప్పుడు మీ బర్రె దగ్గరికి రండి. బర్రెది పగటి వెలుతురు తగ్గే కాలంలో ఎదకొచ్చే స్వభావం. పగలు పొడుగై, ఎండలు ముదిరి, పచ్చిగడ్డి కరువయ్యేసరికి చాలా బర్రెల్లో అండాశయాలు చురుకు తగ్గి నున్నగా అయిపోతాయి. అక్కడ పీతపిండమూ ఉండదు, జిఎన్‌ఆర్‌హెచ్‌కి స్పందించేంత పెద్ద అండకోశమూ ఉండకపోవచ్చు. మీ అన్న బర్రెలది ఇదే పరిస్థితి అయి ఉంటే మూడు సూదులకు ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అలాంటివాటికి ముందు ప్రొజెస్టిరాన్ ఇవ్వాలి. యోనిలో పెట్టే సాధనాలు దొరుకుతున్నాయి. ఏడు నుంచి తొమ్మిది రోజులు లోపల ఉంచి తీసేస్తారు. ప్రొజెస్టిరాన్ కొన్నాళ్లు ఉండి ఒక్కసారి పడిపోతే మెదడుకు సంకేతం అందుతుంది, ఎద మొదలవుతుంది. తీసే రోజు దగ్గరగా పిఎంఎస్‌జి అనే హార్మోన్ కూడా ఇస్తే అండకోశం బాగా ఎదుగుతుంది. ఎండాకాలం బర్రెల్లో మామూలు ఓవ్‌సింక్ కన్నా ఈ పద్ధతికే మంచి పేరుంది. ఖర్చు ఎక్కువ, ఆ మాట ముందే చెప్పాలి.

ఇంకో మాట కూడా. ఎదకు రాలేదనుకున్న బర్రెల్లో చాలావాటికి ఎద వచ్చే పోతుంది, మనకు కనపడదు. దాన్నే మూగ ఎద అంటాం. ఆవు లాగ పక్కదాని మీద ఎక్కదు, తీగలు తక్కువ, అదీ పడుకున్నప్పుడే కారుతుంది. రాత్రి, తెల్లవారుజామున చూడాలి. మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోయడం, మానం ఉబ్బడం, ఆ పూట పాలు సరిగ్గా చేపకపోవడం, ఇవే గుర్తులు. సాయంత్రం ఒకసారి దున్నపోతును కొట్టం పక్క నుంచి నడిపిస్తే సగం సమస్య తేలుతుంది.

జిఎన్‌ఆర్‌హెచ్ కథ మా క్లాసులో విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. పందుల మెదళ్ల నుంచి ఒకరు, గొర్రెల మెదళ్ల నుంచి ఇంకొకరు, లక్షల కొద్దీ మెదడు ముక్కలు సేకరించి పోటీలు పడి ఆ చిన్న గొలుసు ఏమిటో కనిపెట్టారు. వాళ్లే షాలీ, గిల్లెమిన్. 1977లో నోబెల్ వచ్చింది. ఇవాళ ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ఫ్రిజ్‌లో ఉండే చిన్న సీసా వెనక అంత శ్రమ ఉంది.

వైకాటో తెలుగు (న్యూజిలాండ్)

మాది అనంతపురం జిల్లా. ఇక్కడ హామిల్టన్ దగ్గర ఒక పాడి ఫారంలో పని చేస్తున్నాను. పైన పీజీ తమ్ముడు చెప్పిన యోని సాధనాల్లో ప్రపంచమంతా వాడే ఒకటి 1980లలో ఇక్కడి రువాకురా పరిశోధన కేంద్రంలోనే తయారైంది, మా ఫారానికి దగ్గరే.

ఇక్కడ పద్ధతి మనకు పూర్తిగా వేరు. పచ్చిక వసంతంలో పెరుగుతుంది కాబట్టి మందంతా జులై, ఆగస్టులోనే ఈనాలి. అక్టోబర్లో మళ్లీ చూడి కట్టించడం మొదలు. అన్నిటి తోక మొదట్లో రంగు పూస్తాం. ఎదకొచ్చిన ఆవు మీద ఇంకోటి ఎక్కితే రంగు చెరిగిపోతుంది. అంతవరకూ రంగు చెరగని ఆవుల్ని విడదీసి వెటర్నరీ డాక్టరు చూస్తారు, వాటికే సాధనం పెడతారు. మొత్తం మందకు కళ్లు మూసుకుని వేయరు. మన దగ్గర నాలుగు గేదెలున్న రైతు కూడా ఇదే వరస పాటించాలని నా కోరిక: చూడు, విడదీయి, పరీక్ష చేయించు, ఆ తరవాతే మందు.

చట్టాలు కూడా గట్టివి. ఒకప్పుడు ఇక్కడ ఎద తెప్పించడానికి ఈస్ట్రడయోల్ వాడేవారు. యూరప్ 2006లో ఆపేసింది, ఇక్కడ 2007లో ఆగిపోయింది. ఆలస్యంగా ఈనేవాటిని సూదితో ముందే ఈనించే అలవాటు కూడా 2015 నుంచి నిషేధం. నెలలు నిండని దూడల్ని చూసినవాళ్లెవరూ ఆ నిషేధాన్ని తప్పు పట్టరు.

గోదారి పాడి

వివరంగా చెప్పిన అందరికీ ధన్యవాదాలు. ఆక్సిటోసిన్ వేరు, ఇది వేరు అని అర్థమైంది. అయినా నా మనసులో ఇంకో ప్రశ్న ఉంది, నిజాయితీగా అడుగుతున్నా. పిఎంఎస్‌జి గురించి చదివాను. చూడి గుర్రాల రక్తం నుంచి తీస్తారట కదా. మన గేదె చూడి కట్టడానికి ఎక్కడో గుర్రం రక్తం ధారపోయాలా?

అండాశయం_పీజీ

నిజమే అన్నా. చూడి కట్టిన సుమారు 40వ రోజు నుంచి కొన్ని వారాల పాటు గుర్రం రక్తంలో ఆ హార్మోన్ ఉంటుంది, అప్పుడు రక్తం తీసి వేరు చేస్తారు. ఐస్‌లాండ్, అర్జెంటీనా, ఉరుగ్వేలలో ఈ ఫారాలున్నాయి. వాటి మీద జంతు సంక్షేమ సంఘాలు గట్టిగా పోరాడుతున్నాయి. నాకు కూడా అది మింగుడుపడని విషయం. బదులుగా ప్రయోగశాలలో తయారు చేసే రూపాల మీద పని జరుగుతోంది. ప్రస్తుతానికి నేను చెప్పగలిగింది ఒకటే, సాధనం, జిఎన్‌ఆర్‌హెచ్, ప్రోస్టాగ్లాండిన్‌లతోనే సరిపోయే బర్రెకు పిఎంఎస్‌జి వేయొద్దు. ఎక్కువ మోతాదు వేస్తే రెండు మూడు అండాలు విడుదలై కవలలు, ఈత కష్టాలు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

పాల లెక్కలు (ఒంగోలు)

నాకు ఫలితం గురించి సూటిగా చెప్పండి. ఈ కోర్సుతో వందకి ఎన్ని నిలుస్తాయి? సహజ ఎదలో వేస్తే ఎన్ని? తేడా లేకపోతే ఇన్ని సూదులు ఎందుకు?

పశువైద్యుడు_నంద్యాల

మంచి ప్రశ్న. ఓవ్‌సింక్ తో ఒకసారి సెమెన్ వేస్తే పాడి ఆవుల్లో సాధారణంగా వందకు 30 నుంచి 40 కడతాయి. బాగా కనిపెట్టిన సహజ ఎదలో సరైన వేళకి వేసినా దాదాపు అంతే, కొన్నిచోట్ల కొంచెం ఎక్కువే. అంటే సెమెన్ నిలిచే శాతాన్ని ఈ కోర్సు పెంచదు. ఎవరైనా "నూటికి నూరు" అని అమ్మితే నమ్మకండి.

లాభం ఇంకోచోట ఉంది. వంద ఆవుల్లో ఎద పట్టుకోగలిగింది యాభైకే అనుకోండి, ఆ యాభైలో ఇరవై కడతాయి. కోర్సులో వందకి వందా సెమెన్ అందుకుంటాయి, ముప్పై ఐదు కడతాయి. మిగిలిన నెలలు ఖాళీగా గడ్డి తినే పశువులు తగ్గుతాయి. ఆవు చూడి కాలం 280 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపు మళ్లీ కట్టాలి. గేదెది 310 రోజులు కాబట్టి 55 రోజుల్లో కట్టించడం కుదిరే పని కాదు, 13, 14 నెలలకో ఈత అనుకుంటే మంచిదే. ఈ లెక్కలో ఒక్క ఎద జారిపోతే 21 రోజులు పోతాయి. రైతుకు అసలు నష్టం సూదుల ఖర్చు కన్నా ఈ ఖాళీ రోజుల్లో ఎక్కువ.

కళ్లతో ఎద పట్టుకోగలిగే ఇంట్లో, ఒకటి రెండు పశువులున్న చోట, సక్రమంగా ఎదకొచ్చే పశువుకు కోర్సు అవసరమే లేదు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సెమెన్. ఈ పాత సూత్రాన్ని మించిన చవకైన పద్ధతి లేదు. ఇంతవరకు చూడి కట్టని పెయ్యల్లో కూడా ఓవ్‌సింక్ అంత బాగా పని చేయదు, వాటికి వేరే పద్ధతులున్నాయి.

గడ్డివాము (వినుకొండ)

ఇందాకటి నుంచి చదువుతున్నాను, మేత సంగతి ఎవరూ గట్టిగా అనలేదు. మా పల్నాడులో ఎండుగడ్డి, గుప్పెడు తవుడు పెట్టి పది లీటర్ల పాలు పితికి, ఎదకు రావడం లేదని సూదులకు పరిగెత్తేవాళ్లను చాలామందిని చూశాను. ఈనిన కొత్తలో పశువు తినేదాని కన్నా పాలలో పోయేది ఎక్కువ. ఒంట్లో కొవ్వు కరిగించి పాలిస్తుంది. అప్పుడు మెదడు నుంచి ఎల్‌హెచ్ సంకేతాలు మందగిస్తాయని మా పశువైద్య శిబిరంలో చెప్పారు. పక్కటెముకలు, తుంటి ఎముకలు పొడుచుకొచ్చిన గేదెకు ఏ హార్మోన్ వేసినా ఏం లాభం?

మేం చేసేది ఇంతే. ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపి ఒట్టికి వదులుతాం, ఆ రెండు నెలలు దాణా తగ్గించం. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఏడాది పొడవునా. నట్టల మందు వేళకి. సూపర్ నేపియర్ గడ్డితో పాటు గట్ల మీద అవిశ, సుబాబుల్. ఎండాకాలం మధ్యాహ్నం రెండుసార్లు ఒళ్లు తడుపుతాం, చెరువులో నీళ్లుంటే వదులుతాం. మా పాకలో సూది అవసరమైనవి ఎప్పుడో ఒకటీ అరా.

పశువైద్యుడు_నంద్యాల

గడ్డివాము గారూ, నేను ముందే రాయాల్సిన మాట మీరు రాశారు. బక్క పశువుకు నేను కోర్సు రాయను. ముందు నెలా నెలన్నర మేత, మిశ్రమం, నట్టల మందు. చాలావాటికి ఆ తరవాత సూదే అక్కర్లేదు.

కృష్ణాతీరం

మీ అందరి మాటా విని ఇన్సెమినేటర్ కోర్సు ఆపించాను. ఆసుపత్రికి తీసుకెళ్లడం కష్టమని 1962కి ఫోన్ చేశాను. సంచార వాహనంలో వచ్చిన డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూశారు, తరవాత స్కానింగ్ ఉన్న చోటికి కూడా పంపారు.

గేదెకు ఎడమ అండాశయంలో పీతపిండం ఉందట. అంటే అది ఎదకొస్తూనే ఉంది, మాకే తెలియలేదు. చూడి కాదని స్కానింగ్‌లో తేల్చుకున్నాకే ప్రోస్టాగ్లాండిన్ వేశారు. రెండు మూడు రోజులు పొద్దున సాయంత్రం కనిపెట్టమన్నారు. ఎద కనపడితే సరే, లేకపోతే 72 గంటలకి ఒకసారి, 96 గంటలకి ఒకసారి సెమెన్ వేయించమన్నారు.

ఆవు విషయం ఇంకోలా ఉంది. ఎద తీగలు చిన్న గాజు గొట్టంలో తీసుకుని సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడి చేశారు, పసుపు రంగు వచ్చింది. గర్భసంచిలో పైకి తెలియని ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. పోయిన ఈతలో మాయ పడటం ఆలస్యమైందని అప్పుడు గుర్తొచ్చింది, చెప్పాను. దీనికి ముందు గర్భసంచికి వైద్యం, ఒక ఎద ఖాళీగా వదిలేయాలి, ఆ తరవాత ఎదలో సెమెన్‌తో పాటు జిఎన్‌ఆర్‌హెచ్ గురించి ఆలోచిద్దాం అన్నారు. ఇన్నాళ్లూ వేయించిన సెమెన్ అంతా ఆ చీములోకే పోయిందన్నమాట.

ఒక సందేహం. జిఎన్‌ఆర్‌హెచ్ సెమెన్ రోజున ఎందుకు? రెండో గేదెకు ముందు ముందు ఓవ్‌సింక్ వేయాల్సి వస్తే రోజులు, గంటలు ఎలా లెక్క పెట్టుకోవాలో కూడా చెప్పండి. పెయ్య దూడలే పుట్టేలా వేరు చేసిన సెమెన్ వేయించొచ్చా?

పశువైద్యుడు_నంద్యాల

డాక్టరమ్మ గారు చక్కగా చూశారు. తిరగపొర్లే ఆవుల్లో కొన్నిటికి ఇన్‌ఫెక్షన్ కారణం, కొన్నిటికి అండం ఆలస్యంగా విడుదల కావడం కారణం. ఎద అయిపోయినా అండం రాక రోజు ఆలస్యమైతే వీర్యకణాలు అప్పటికి చచ్చిపోతాయి. రెండో రకంవాటికి సెమెన్ వేళకే జిఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే అండం వేళకు వస్తుంది. మీ ఆవుకు ముందు గర్భసంచి శుభ్రపడాలి, అందుకే ఆమె ఆగమన్నారు.

పెయ్య దూడల సెమెన్ ఇప్పుడు వద్దు. మామూలు స్ట్రాలో (సెమెన్ నింపిన సన్న గొట్టంలో) దాదాపు రెండు కోట్ల వీర్యకణాలుంటాయి. ఆడ, మగ వేరు చేసినదాంట్లో ఇరవై నుంచి నలభై లక్షలే. తిరగపొర్లే ఆవుకు, ఎద వేళ సందేహంగా ఉన్న గేదెకు అది వేయిస్తే డబ్బు, ఎద రెండూ పోతాయి. ఆరోగ్యంగా ఉండి ఎద బాగా చూపించే పెయ్యకు వేయించుకోండి. ఏ స్ట్రా అయినా 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి తీసి, తుడిచి, ఆలస్యం చేయకుండా వేయాలి. చేత్తో రుద్దీ, చొక్కా జేబులో పెట్టీ కరిగించేవాళ్లను ఆపండి.

ఓవ్‌సింక్ లెక్క వారాలతో పెట్టుకుంటే తేలిక. సోమవారం పొద్దున ఎనిమిదికి మొదటి జిఎన్‌ఆర్‌హెచ్. వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదికి ప్రోస్టాగ్లాండిన్. ఆ బుధవారం సాయంత్రం నాలుగుకి రెండో జిఎన్‌ఆర్‌హెచ్, అంటే 56 గంటలు. గురువారం పొద్దున ఎనిమిదికి సెమెన్, అంటే 16 గంటలు. మధ్యలోనే ఎదకొస్తే కోర్సు అక్కడితో ఆపి ఆ ఎదకే సెమెన్ వేయించండి. 30 రోజులకు స్కానింగ్, లేదా 60 రోజులకు చేతి పరీక్ష తప్పనిసరి.

మందుల సీసాలు దాని మీద రాసిన వేడిమిలోనే ఉంచాలి. ఎండలో బండి డిక్కీలో తెచ్చినవి వేయించకండి. రెండో జిఎన్‌ఆర్‌హెచ్ ఏ కారణం వల్లైనా రాత్రికి జరిగితే సెమెన్ కూడా అన్ని గంటలూ వెనక్కి జరగాలి. గురువారం పొద్దున సెమెన్ వేసే మనిషి దొరకడని ముందే తెలిస్తే సోమవారం మొదలుపెట్టొద్దు, ఆయన దొరికే రోజు నుంచి వెనక్కి లెక్క కట్టి మొదటి సూది రోజు పెట్టుకోండి.